షామియానా పైసలు ఎవరివి?

రాత్రి తొమ్మిది దాటితే చాలు, తెలంగాణల ఏ వార్తల ఛానల్ తిప్పినా ఒక అరగంట నవ్వు దొరుకుతది. వీ6 తీన్మార్ వార్తలు అంటుకబెట్టిన ఈ వరస హెచ్‌ఎంటీవీల జోర్దార్ వార్తలని, టీవీ9ల ఇస్మార్ట్ న్యూస్ అని, సాక్షిల గరం గరం వార్తలని పేర్లు మార్చుకుంట ఊరంత తిరిగింది. మంత్రి మాట తప్పితే నవ్వు, ఎమ్మెల్యే పార్టీ మారితే నవ్వు, నడిరోడ్డు మీద గుంతపడితే నవ్వు. నేను వీటికి పగోణ్ణి కాదు. అన్నం తినుకుంట చూసి, పొలమారేదాక నవ్వేటోణ్ణే. నా పంచాయితి ఒక్కటే. ప్రతి ఛానల్‌కు ఒక ఇల్లు ఉంటది. ఆ ఇంటి ముంగటికి రాంగనే జోకు చెప్పులు ఇడిసి, చేతులు కట్టుకొని నిలబడుతది. ఆ ఇల్లు ఎవరిదో తెలిసి నవ్వుడు వేరు, తెలువక నవ్వుడు వేరు. ఈ సంగతి హైదరాబాద్ స్టూడియోలకెల్లి చూస్తే మసక మసకగ కనవడతదేమో గని, గోదావరిఖనికెల్లి చూస్తే మాత్రం సాఫ్‌గ కనవడతది.

నేను బొగ్గుబాయి మీద ల్యాంప్ రూమ్‌ల పనిచేసి రిటైరైన. బాయిల దిగేటోడు ఎవడైనా సరే, టోపీ లైటు కోసం నా కిటికీ కాడికి రావాల్సిందే. బిళ్ల ఇచ్చుడు, లైటు తీసుకునుడు. షిఫ్టు దిగినంక లైటు ఇచ్చుడు, బిళ్ల తీసుకునుడు. కోల్‌ఫిల్లర్, టింబర్‌మన్, హాలర్ ఖలాసీ, సర్దార్, ఓవర్‌మన్, అందరిదీ అదే లైను. ఆ లైన్‌ల పుట్టిన జోకులు రాసి పెట్టుకుంటే ఇయ్యాల్టి ఛానళ్లకు ఏడాదికి సరిపోను సరుకు అయ్యేది. గేట్ మీటింగ్‌ల మైకు పగిలేటట్టు ఒర్రి, జీఎం ఆఫీసు మెట్లెక్కంగనే గొంతు తగ్గించే లీడర్ మీద జోకులు. ఫోటో దిగేటంత దూరమే బాయిల దిగే పెద్దసారు మీద జోకులు. నాగాల మీద నాగాలు పెట్టి, జీతాల దినం పొద్దుగాల్నే అందరికంటే ముంగట వచ్చి నిలబడేటోని మీద జోకులు.

మా బాయి మీద ఒక హాలర్ ఖలాసీ ఉండె. గొంతులు తీసుట్ల మొనగాడు. వరంగల్ నేరెళ్ల వేణుమాధవ్ అంటే ఆయనకు దేవునితోటి సమానం. మేనేజర్ ఫోన్‌ల ఎట్ల మాట్లాడుతడు, యూనియన్ పిట్ సెక్రెటరీ దగ్గు ఎట్లుంటది, డాక్టర్ ‘ఏం కాలేదు, డ్యూటీకి పో’ అని ఎట్లంటడు, కండ్లు మూసుకొని వింటే మనిషి ఎదురుంగ నిలబడ్డట్టే. అండర్ మేనేజర్ గొంతు తీసేటప్పుడు ఒక్కోసారి అండర్ మేనేజర్ ఎనుకనే ఉండెటోడు. ఆయనకు కూడ లైటు కావాలె గదా. ఆయన మొఖం ఎర్రగైతుండె, లైన్ల ఉన్నోళ్లు నేల చూపులు చూస్తుండె, మా ఖలాసీ మాత్రం డైలాగ్ పూర్తి చేసినంకనే ఆగుతుండె. మర్నాడు ఆయనకు కష్టమైన డ్యూటీ పడుతుండె కావచ్చు. కాని ఆ జోకుకు ఒక బరువు ఉండె. ఎవరి మీద వేసిండో వాని ఎదురుంగనే వేసిండు కాబట్టి.

అట్లాంటి మనిషిని ఒకసారి పండుగ స్టేజి మీదికి పిలిచిన్రు. ఎవరు పిలిచిన్రు, ఏ పండుగ అనేది ఇక్కడ అక్కెర లేదు. ఆయన కాడ పది గొంతులు తయారుగ ఉన్నయి. స్టేజి ఎక్కేముంగట ఒకాయన వచ్చి చెవుల చెప్పిపోయిండు: తొమ్మిది గొంతులు ఎంతసేపన్నా తియ్యి, ఆ ఒక్కటి మాత్రం ఇడిసిపెట్టు, షామియానా పైసలు ఆయనే ఇచ్చిండు. మా ఖలాసీ తొమ్మిదే తీసిండు. జనం మస్తు నవ్విన్రు. మర్నాడు ల్యాంప్ రూమ్ కాడ పదోది తీసిండు. స్టేజి మీది తొమ్మిదింటికి వచ్చిన నవ్వంత ఒక దిక్కు, కిటికీ కాడ ఆ ఒక్కదానికి వచ్చిన నవ్వు ఒక దిక్కు. టీవీల నవ్వుల వార్తలు చూసినప్పుడల్ల నాకు ఈ లెక్కనే యాదికొస్తది. ఈ అరగంటల తొమ్మిది గొంతులు ఇన్న, పదోది ఎవరిది?

షామియానా లేకుంట నవ్వించిన మనిషి కూడ మాకు ఎరికే. జీతాల దినం బజారుకు పిట్టలదొర వచ్చేటోడు. తుపాకి రాముడు అనేటోళ్లు కొందరు, లత్కోర్‌సాబ్ అనేటోళ్లు కొందరు. ఖాకీ బట్టలు, నెత్తిమీద దొర టోపీ, భుజం మీద కట్టె తుపాకి. నోరు తెరిస్తే కోతలే. బాయిల బొగ్గంత తాతల నాటి సొంత ఆస్తి అంటడు, సర్కారుకు చేబదులు ఇచ్చిన, అడిగితే ఇస్తలేరు అంటడు. కలెక్టర్ తన కాడికే సెలవు చీటి పంపుతడంటడు. అవి ఉత్త అబద్ధాలని చిన్న పోరగానికి కూడ తెలుసు. కాని ఆ అబద్ధాల సందుల నుంచి ఊరి పటేల్ మీద, సేటు మీద, పోలీసు మీద నిజాలు జారిపడుతుండె. దొర వేషం వేసుకొని దొరతనాన్ని ఆడిపోసుకునే కళ అది. తెలంగాణ పల్లెలకు ఎప్పటినుంచో ఉన్నది.

పిట్టలదొరకు అంత ధైర్యం ఎక్కడిది? నేను ఆలోచిస్తే దొరికిన జవాబు పైసల లెక్కల్నే ఉన్నది. ఆయన ప్రతి దుకాణం కాడ రూపాయి, రెండు రూపాయలు తీసుకుంటుండె. కిరాణం సేటు ఇయ్యకుంటే పాన్ డబ్బాయన ఇస్తడు, ఆయన ఇయ్యకుంటే షిఫ్టు దిగి ఇంటికి పోయే కార్మికుడు ఇస్తడు. వంద మంది కాడ రూపాయి తీసుకున్నోడు ఎవనికీ నౌకరు కాదు. ఒకని కాడనే వంద తీసుకున్నోడు వాని మనిషి అయితడు. కళ అదే, నాలుక అదే. పైసలు వచ్చే దారి మారితే నవ్వు పోయే దారి మారుతది.

ఇప్పుడు వీ6 సంగతి. ఆ ఛానల్ 2012ల వచ్చింది, తెలంగాణ ఉద్యమం ఊపుల ఉన్న రోజులల్ల. అప్పటిదాక మన బాస సినిమాల రౌడీకి, పనిమనిషికి, కమెడియన్‌కు రాసిపెట్టిన బాస. వార్తలు చదివేటోళ్లు కృష్ణా జిల్లా పుస్తకం మింగినట్టు మాట్లాడేటోళ్లు. తీన్మార్ వచ్చి ఆ కుర్చీల మనోళ్లను కూసోబెట్టింది. చేవెళ్ల దిక్కు పామెన ఊరి పిలగాడు రవికుమార్ బిత్తిరి సత్తి అయిండు. శివజ్యోతి సావిత్రి అయింది. చింతపండు నవీన్ తీన్మార్ మల్లన్న అయిండు. పాటగత్తె మంగ్లీ కూడ ఆ తెర మీదికెల్లి వచ్చిన మనిషే. మా కాలనీల వార్తలంటే లేచిపోయే ముసలవ్వలు తీన్మార్ టైముకు గిన్నెలు తోముడు ఆపి వచ్చి కూసునేది. ఊరికి బస్సు వస్తలేదని, పింఛన్ ఆగిందని, బోరింగ్ ఎండిందని తమ నోటి మాటల్నే తెర మీద ఇంటుంటే వాళ్లకు అది జోకులెక్క కాదు, ఫిర్యాదు లెక్క వినవడ్డది. ఆ పని చిన్నది కాదు. ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

2019ల బిత్తిరి సత్తి హీరోగ వచ్చిన సినిమా పేరు తుపాకి రాముడు. పేరు సరిగ్గనే పెట్టిన్రు. సత్తి వేసే ఎడ్డి వేషం, బెదురు చూపులు, అమాయకంగ అడిగి చురక పెట్టుడు అంత పిట్టలదొర ఇంటి ఆస్తే. తేడా ఒక్కటే. పిట్టలదొర రూపాయి రూపాయి ఏరుకున్నడు. సత్తి నెల జీతం తీసుకున్నడు. తప్పేం లేదు. నేను కూడ నెల జీతగాణ్ణే. జోకు వేసేటోడు కూడ కార్మికుడే, వానికీ మస్టర్ ఉంటది, వానిమీదా ఒక పెద్దసారు ఉంటడు. అందుకే నేను సత్తినో సావిత్రినో అంటలేను. మస్టర్ ఎవరు వేస్తున్నరో చూడమంటున్న.

వీ6 వివేక్ వెంకటస్వామి కుటుంబానిది. మా బొగ్గు బెల్టుల ఆ కుటుంబం పేరు తెలువని గడప లేదు. వివేక్ నాయిన జి. వెంకటస్వామిని అందరు కాకా అనేటోళ్లు. పెద్దపల్లి నుంచి పలుమార్లు ఎంపీగ గెలిచి, ఢిల్లీల మంత్రిగ చేసిండు. వివేక్ 2009ల కాంగ్రెస్ తరఫున పెద్దపల్లి ఎంపీ అయిండు. తర్వాత టీఆర్‌ఎస్, మల్ల కాంగ్రెస్, మల్ల టీఆర్‌ఎస్, 2019ల బీజేపీ, 2023 ఎన్నికల ముంగట మల్ల కాంగ్రెస్. ఆ ఎన్నికలల్ల చెన్నూరు ఎమ్మెల్యేగ గెలిచిండు. అన్న వినోద్ బెల్లంపల్లి నుంచి గెలిచిండు. కొడుకు వంశీకృష్ణ 2024ల పెద్దపల్లి ఎంపీ అయిండు. 2025 జూన్‌ల వివేక్ రాష్ట్ర మంత్రి అయిండు, చేతికి వచ్చిన శాఖలల్ల కార్మిక శాఖ, గనుల శాఖ ఉన్నయి. మా బొగ్గు కంపెనీ సింగరేణి ఇంధన శాఖ కిందికి వస్తది, అది వేరే ముచ్చట. కాని చెమటోడ్చేటోనికి కార్మిక మంత్రి అంటే సొంత మంత్రి కింద లెక్క.

అంటే చూడుండ్రి. మా ఎంపీ, మా పక్కన ఇద్దరు ఎమ్మెల్యేలు, కార్మికుల మంత్రి, పొద్దుగాల మా చేతికి వచ్చే వెలుగు పేపర్, రాత్రి మమ్మల్ని నవ్వించే తీన్మార్, అన్నీ ఒక్క గుమ్మం కాడ కలుస్తయి. చట్టం ప్రకారం ఇందుల తప్పేం లేదు. గెలిపించింది మేమే, చూసేది మేమే. కాని పార్టీ మారిన ఎమ్మెల్యే మీద జోకు రాయాలని కూసున్న పిలగాని చెయ్యి ఎక్కడ ఆగుతదో ఆలోచించుండ్రి. ఎవరు బెదిరించ అక్కెర లేదు, ఎవరు ఫోన్ చేయ అక్కెర లేదు. మా ఖలాసీ చెవుల చెప్పనీకన్నా ఒక మనిషి రావాల్సి వచ్చింది. జీతం నెలనెలా పడేటోనికి అది కూడ అక్కెర లేదు.

ఒక్క వీ6నే అనుడు న్యాయం కాదు. సాక్షి జగన్మోహన్ రెడ్డి కుటుంబం పెట్టింది. టీ న్యూస్ గులాబీ పార్టీది. టీవీ9 2018ల చేతులు మారి పెద్ద కాంట్రాక్టుల వ్యాపారుల కాడికి పోయింది. అందుకే చూసేటోళ్లకు నేను ఒక చిన్న పరీక్ష చెప్త. బిత్తిరి సత్తి వీ6కెల్లి టీవీ9కు పోయిండు, అటెన్క సాక్షికి పోయిండు. వేషం మారలే, యాస మారలే. ఛానల్ మారినప్పుడల్ల ఏ నాయకుని పేరు జోకులల్లకెల్లి మాయమైంది, ఏ పేరు కొత్తగ వచ్చింది? పాత వీడియోలు ఫోన్‌లనే ఉంటయి. కాగితం మీద రెండు వరుసలు రాసుకుంట చూడుండ్రి. నవ్వు హద్దులు వేసే సర్వేయర్ ఎవడో మీకే దొరుకుతడు.

ఇగ సర్కారు హద్దులు వేస్తే ఎట్లుంటదో కూడ మనం చూసినం. 2014 జూన్‌ల, రాష్ట్రం వచ్చిన కొత్తల, టీవీ9 బుల్లెట్ న్యూస్ అనే కార్యక్రమంల తెలంగాణ కొత్త ఎమ్మెల్యేలను ఎగతాళి చేసింది. మా దిక్కు మస్తు మందికి కడుపు మండింది, నాకు కూడ. అరవై ఏండ్లు మన మాటను ఎక్కిరించింది సాలదా, గెలిచి అసెంబ్లీకి పోయినంక కూడనా అనిపించింది. అధికారం ఉన్నోని మీద జోకు వేసినట్టు కనవడ్డది గని, ఏటు పడ్డది మాత్రం వాళ్లు వచ్చిన పల్లె మీద, మాట్లాడే తీరు మీద. అదొక పాడు జోకు. కాని దానికి జరిగిన వైద్యం ఇంకా పాడుది. కేబుల్ పెద్దలు టీవీ9ను, దాంతో పాటు ఏబీఎన్ ఆంధ్రజ్యోతిని తెలంగాణ అంతట నెలల తరబడి బందు పెట్టిన్రు. సెప్టెంబర్‌ల ముఖ్యమంత్రి కేసీఆర్ వరంగల్‌ల మాట్లాడుకుంట, తెలంగాణను కించపరిచే మీడియాను పది కిలోమీటర్ల లోతున పాతిపెడుతమన్నడు.

ఆ మాట ఇన్న మర్నాడు ల్యాంప్ రూమ్ కాడ నవ్వే నవ్వు. పది కిలోమీటర్లు ఎవరు తవ్వుతరు? నూరేండ్లకు పైబడి బొగ్గు తవ్వుతున్న మా కంపెనీ బాయి ఏదీ ఒక్క కిలోమీటరు లోతుకు కూడ పోలే. ఆడికి పోయేసరికే ఉడుకపోతకు పానం పోతది, గాలి పంపనీకి ఫ్యాన్లు సరిపోవు, కప్పు ఆపనీకి దిమ్మెలు సరిపోవు. టెండర్ పిలిస్తే ఎవడు వస్తడు, ఓవర్‌టైం ఎంత ఇస్తరు అని పోరగాళ్లు లెక్కలు తీసిన్రు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మెల బాయిలు బందు పెట్టి జీతాలు పోగొట్టుకున్నోళ్లే ఆ లెక్కలు తీసిన్రు, మర్రిచెట్టు కింద కూసొని కాదు, డ్యూటీ దిగుకుంట. అభిమానం అభిమానమే, నవ్వు నవ్వే. ఆ రెండు ఒక్క నోట్లె ఉండొచ్చని ఆ పోరగాళ్లకు ఎవరూ నేర్పలే.

అసలు మా బెల్టుల జోకుకు కరువెక్కడున్నది? నేను ఒక్క ముచ్చట చెప్త, అంకెలతోటి. దసరా ముంగట సింగరేణి లాభాల వాటా ప్రకటిస్తరు. 2023ల లాభం 2,222 కోట్లు, కార్మికుల వాటా 32 శాతం, చేతికి వచ్చింది 711 కోట్లు. లెక్క సాఫ్‌గ ఉన్నది. 2024ల లాభం 4,701 కోట్లు అన్నరు. అందుల 2,289 కోట్లు విస్తరణ కోసమని పక్కకు పెట్టి, మిగిలిన 2,412 కోట్ల మీద 33 శాతం, అంటే 796 కోట్లు ఇచ్చిన్రు. 2025ల లాభం 6,394 కోట్లు. 4,034 కోట్లు పక్కకు పెట్టి, మిగిలిన 2,360 కోట్ల మీద 34 శాతం లెక్కన 802 కోట్లు. కాంట్రాక్టు కార్మికులకు తలా 5,500 ఇచ్చింది కలిపితే మొత్తం 819 కోట్లు.

ఇప్పుడు ల్యాంప్ రూమ్ లెక్క వినుండ్రి. 2024 కంటే 2025ల లాభం దాదాపు 1,700 కోట్లు పెరిగింది. పర్మినెంట్ కార్మికులందరి వాటా కలిపి ఆరు కోట్లు పెరిగింది. శాతం మాత్రం ఒకటి పెరిగింది. మొత్తం లాభం మీద చూస్తే 2023ల నూటికి 32, 2024ల నూటికి 17 లోపు, 2025ల నూటికి 12న్నర. కాగితం మీద శాతం ఏటా మెట్టెక్కుతున్నది, సంచిల వాటా ఏటా మెట్టు దిగుతున్నది. కంపెనీకి దాని కారణాలు ఉంటయి. కొత్త గనులు, సోలార్, కరెంటు ప్లాంట్లు లేకుంటే రేపటి జీతాలు ఎక్కడియి అంటది, ఆ మాటల దమ్ము కూడ ఉన్నది. కాని 32 కంటే 34 ఎక్కువని స్టేజీ మీద పూలదండలు వేసుకునుడు చూస్తే, పిట్టలదొర బతికుంటే తుపాకి కింద పెట్టి దండం పెడుతుండె. ఇంతకంటె మంచి కోత ఆయన కూడ కోయలే.

మరి ఆ వాటా ప్రకటించిన రాత్రి నేను తిప్పిన ఛానళ్లల్ల నవ్వు ఎటు పోయింది? వాటా పైసలతోటి కార్మికులు బంగారం దుకాణాలు నింపుతరని, బుల్లెట్ బండ్లు కొంటరని, వైన్స్ కాడ లైన్లు కడుతరని. పక్కన పెట్టిన 4,034 కోట్ల మీద జోకు నాకు కనవడలే, ఒక్కో కార్మికుని చేతికి సగటున వచ్చిన లచ్చా తొంబై ఐదు వేల మీదనే కనవడ్డది. అదే బాయి మీద, అదే మట్టిల, అదే పనిచేసే కాంట్రాక్టు పిలగానికి 5,500 వచ్చిందంటే దాని మీద నవ్వాలో ఏడ్వాలో చెప్పే సత్తి ఒక్కడు కూడ రాలే.

ఇంకోటి, 51, 49. సింగరేణిల రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం. 2022 నవంబర్ 12న ప్రధాని మోదీ రామగుండం వచ్చి ఎరువుల ఫ్యాక్టరీని జాతికి అంకితం చేసిన్రు. అదే సభల, 51 శాతం రాష్ట్రం కాడ ఉంటే 49 శాతం ఉన్న కేంద్రం సింగరేణిని ఎట్ల అమ్ముతది అని అడిగిన్రు. నిజమే గదా అని చప్పట్లు కొట్టిన్రు. 2024 జూన్‌ల బొగ్గు శాఖ మంత్రి కిషన్ రెడ్డి హైదరాబాద్‌లనే బొగ్గు బ్లాకుల వేలం మొదలుపెట్టిన్రు, అందుల మా మంచిర్యాల దిక్కు శ్రావణపల్లి బ్లాకు కూడ ఉన్నది. కంపెనీని అమ్మరట, కంపెనీ తవ్వాల్సిన బొగ్గును వేలం వేస్తరట. 51 వచ్చి 49 దిక్కు వేలు చూపిస్తది, 49 వచ్చి 51 దిక్కు చూపిస్తది. మధ్యల ఓపెన్‌కాస్ట్ గనుల బ్లాస్టింగులకు గోడలు పగిలిన ఇంటాయన రెండు వేళ్ల దిక్కు చూసి మెడ పట్టేసుకుంటడు. దీని మీద వారం రోజులు నడిపించొచ్చు నవ్వుల వార్తలు. కాని ఒక ఛానల్ 51 మీదనే నవ్వుతది, ఇంకొకటి 49 మీదనే నవ్వుతది. నూటికి నూరు మీద నవ్వేటోడు ఏడి?

ఇది మన రోగమే కాదు. ఫ్రాన్స్‌ల గిన్యోల్ అని బొమ్మలతోటి నాయకులను ఆడుకునే కార్యక్రమం 1988 నుంచి నడిచింది. 2015ల బొలోరే అనే పెద్ద వ్యాపారి చేతికి ఆ ఛానల్ పగ్గాలు వచ్చినయి. బొమ్మల పదును తగ్గుకుంట వచ్చి 2018ల మూతపడ్డది. అమెరికాల స్టీఫెన్ కోల్బేర్ రాత్రి కార్యక్రమాన్ని 2026 మేల ముగిస్తమని సీబీఎస్ 2025 జూలైల ప్రకటించింది. ఆ ఛానల్ తల్లి కంపెనీ ట్రంప్‌తోటి కోటీ అరవై లచ్చల డాలర్లకు రాజీ పడ్డదని ఆయన తెర మీదనే తిట్టి అప్పటికి మూడు రోజులే అయింది. కంపెనీ మాత్రం నష్టాలొచ్చినయని చెప్పింది. ఆ దేశాలల్ల కనీసం ఒక సౌకర్యం ఉన్నది: యజమాని మీద జోకు వేసి, ఆ ధర ఎంతనో అందరికీ చూపించినోళ్లు ఉన్నరు. మన కాడ ధర ఎంతనో ఇంకా ఎవరూ అడిగి చూడలే.

యూట్యూబ్ ఉన్నది గదా తాతా అంటడు మా మనుమడు. ఫోన్ చేతిల ఉంటే ఎవడైనా సత్తినే అంటడు. సగం నిజం. తీన్మార్ మల్లన్న ఛానళ్లు ఇడిసి క్యూ న్యూస్ పెట్టుకున్నడు, సర్కారును తిట్టిండు, 2021ల జైలుకు పోయిండు. 2024 జూన్‌ల కాంగ్రెస్ టికెట్ మీద ఎమ్మెల్సీ అయిండు, 2025 మార్చిల ఆ పార్టీ సస్పెండ్ చేసింది, సెప్టెంబర్‌ల సొంత పార్టీ పెట్టిండు. ధైర్యం లేదని ఎవరంటరు? కాని జోకు వేసేటోడే అభ్యర్థి అయితే, జోకు పోకూడని ఇల్లు ఆయన సొంతిల్లే అయితది. మా ఖనిల చిన్న చిన్న యూట్యూబ్ ఛానళ్లు గల్లీకొకటి ఉన్నయి, లోగో పెట్టిన మైకులు చౌరస్తాల కనవడతయి. వాటి కడుపు నిండేది లీడర్ల పుట్టినరోజు శుభాకాంక్షల ప్రకటనలతోటి. షామియానా చిన్నగైంది, అంతే.

నాకు తెలిసిన మందు పిట్టలదొర చూపించిందే. పైసలు శానా మంది కాడికెల్లి, కొంచెం కొంచెం రావాలె. రామగుండం నుంచి మందమర్రి దాక బొగ్గు బెల్టుల వేలకు వేల ఇండ్లు ఉన్నయి. ఇంటికి నెలకు పది రూపాయలు వేసుకుంటే నలుగురు పోరగాళ్లు, ఒక కెమెరా నడువయా? యూనియన్ల పైసలు వద్దు. 2023 డిసెంబర్‌ల గెలిచిన గుర్తింపు సంఘానిది వద్దు, ఓడినోళ్లది వద్దు. గేట్ మీటింగ్‌ల మీద జోకు వేయాలంటే వాళ్లకు కూడ బాకీ ఉండొద్దు. మా కాలనీల పాటలు కట్టేటోళ్లకు, గొంతులు తీసేటోళ్లకు కొదువ లేదు. దిక్కు చూపెట్టే పెద్దమనిషి ఒకడు కావాలె, లెక్కలు గోడ మీద అంటించే నియ్యత్ కావాలె.

అది అయ్యేదాక, ఉన్న ఛానళ్లను నేను అడిగేది పెద్ద కోరిక కాదు. కార్యక్రమం మొదట్ల ఛానల్ ఎవరిదో, ఆ ఇంట్లకెల్లి ఏ ఏ పదవులల్ల ఎవరున్నరో ఒక్క వరుస తెర మీద వేయుండ్రి. సిగరెట్ డబ్బా మీద కూడ రాస్తున్నరు గదా. నెలకొక్కనాడు సొంత ఇంటి మీద ఒక్క జోకు వేయుండ్రి. యజమాని నవ్వితే ఆయన పెద్దమనిషితనం ఊరికి తెలుస్తది, నవ్వకుంటే అది కూడ తెలుస్తది.

వచ్చే దసరా ముంగట మల్ల లాభాల వాటా ప్రకటిస్తరు. శాతం మల్ల ఒకటి పెరుగుతదో ఏమో. ఆ రాత్రి నేను అన్ని ఛానళ్లు తిప్పుత. కార్మికుడు కొన్న తులం బంగారం మీద నవ్వేటోళ్లు ఎవరు, పక్కన పెట్టిన వేల కోట్ల మీద నవ్వేటోళ్లు ఎవరు, రెండు పేర్ల పట్టీలు రాస్త. రాసినయి తెచ్చి ఇదే పేపర్‌కు ఇస్త. వేస్తరా లేదా అనేది ఈ పేపర్ షామియానా పైసల మీద ఆధారపడి ఉంటది.